అంబాసిడర్ రేకుకు తుప్పు వైద్యం: విశాఖ గాలిలో ఆరేళ్లు వాడాక

రస్ట్ కన్వర్టర్ (తుప్పును వేరే పొరగా మార్చే మందు), టూ-ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్ (రెండు భాగాలు కలిపి రంగుకు ముందు కొట్టే అడుగు పూత), క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల కొట్టే మైనపు పూత). సముద్రపు గాలి తగిలే ఊళ్లో, షెడ్డు కింద ఉండే అంబాసిడర్ కారు మీద ఈ మూడింటి పనితనాన్ని ఆరు వానాకాలాలు చూశాక రాస్తున్న సమీక్ష ఇది. అందరూ ఆశ పెట్టుకునేది కన్వర్టర్ మీద. రేకును నిజంగా కాపాడేది ఎపాక్సీ, వ్యాక్స్.

ఈ బండిలో తుప్పు చాలావరకు లోపలి నుంచి మొదలవుతుంది. ముందు మడ్‌గార్డ్ వెనక అంచులో చక్రం విసిరిన బురద పేరుకుని నెలల తరబడి చెమ్మగా ఉంటుంది. అద్దం రబ్బరు పక్కనుంచి దిగిన నీరు తలుపు అడుగు మడతలో నిలుస్తుంది. పైన పెయింటు బుడగ లేచేసరికి వెనక రేకు పల్చబడిపోయి ఉంటుంది. అందుకే ముందు స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడాలి. దిగబడితే ఏ మందూ పనిచేయదు. అంతమేరా కోసి, 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు రేకు ముక్కను మిగ్ (తీగ కరిగించి అతికే) వెల్డింగ్‌తో పెట్టించాల్సిందే. పాత బండి కొనేవాళ్లు వెంట ఒక అయస్కాంతం తీసుకెళ్లండి. అది అంటుకోని చోట కింద మందంగా లప్పం ఉన్నట్టే.

రేకు గట్టిగానే ఉంటే గ్రైండర్‌కు స్ట్రిప్ డిస్క్ (పెయింటు, తుప్పు గీకే చక్రం) వేసి తెల్లటి లోహం వచ్చేదాకా గీకాలి. వైర్ కప్ బ్రష్ ఒక్కటే వాడితే గుంటల్లోని తుప్పు నున్నబడి మెరుస్తుంది, పోయిందని మోసపోతాం. ఫ్లాప్ డిస్క్ (ఎమరీ రెక్కల చక్రం) రేకును తినేస్తుంది, ఒకేచోట ఆనిస్తే వేడికి రేకు వంకర పోతుంది. చివరగా 80 నంబరు ఎమరీతో రుద్దితే ప్రైమర్‌కు పట్టు దొరుకుతుంది.

కన్వర్టర్ చోటు ఇక్కడే, అదీ గీకినా వదలని గుంటల్లో మాత్రమే. ఇందులో రెండు రకాలున్నాయి. టానిన్ రకం తుప్పును నల్లటి పొరగా మారుస్తుంది. పల్చగా రెండు కోట్లు వేసి 24 గంటలు వదిలేయాలి. నాలుగు తలుపుల అడుగులకు, రెండు మడ్‌గార్డ్‌లకు పావు లీటరు కూడా పట్టదు. ఫాస్ఫారిక్ యాసిడ్ రకాన్ని మాత్రం అలాగే ఆరనివ్వకూడదు. ఆరిపోతే మళ్లీ అదే ద్రావణంతో తడపాలి. తర్వాత నీళ్లతో కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి వేడిగాలితో ఆరబెట్టాలి. యాసిడ్ మిగిలితే ఎపాక్సీలోని హార్డెనర్ (గట్టిపరిచే భాగం) దెబ్బతిని ప్రైమర్ పట్టు వదిలేస్తుంది. పొలుసులున్న తుప్పు మీద ఏ రకం పూసినా మందు అడుగుదాకా దిగదు. అలా పూసి రంగు వేసిన చోట రెండో వానాకాలానికే బుడగలు లేచాయి. బాత్రూం యాసిడ్ అసలే వద్దు: అది హైడ్రోక్లోరిక్, దాని క్లోరైడ్ గుంటల్లో ఉండిపోయి తుప్పును మళ్లీ రేపుతుంది.

ఎపాక్సీకి వంక పెట్టలేను. శుభ్రమైన లోహం మీద రెండు కోట్లు పడ్డ చోట ఆరేళ్లలో ఒక్క బుడగ లేదు. డబ్బా మీద రాసిన నిష్పత్తిలోనే కొలిచి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. టింకరింగ్ షెడ్లలో అలవాటైన రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చెమ్మను ఎక్కువకాలం ఆపలేదు. లప్పం ఎపాక్సీ మీదే పెట్టించండి. లప్పం నీరు పీలుస్తుంది, నేరుగా రేకు మీద పెడితే ఆ నీరు తిన్నగా లోహానికే చేరుతుంది. విశాఖలో ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు ఆరి పొద్దెక్కాక అనువు. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు స్ప్రే గన్ పట్టుకోవద్దు. గీసిన రేకును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ప్రైమర్ కొట్టేటప్పుడు సరైన మాస్కు తప్పనిసరి.

రంగు ఆరాక అతుకులకు పాలీయురేథేన్ సీలెంటు, ఆ తర్వాత వ్యాక్స్. పొడవాటి గొట్టానికి చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్నదే కొనండి. ఒక్కో తలుపులోకి దాదాపు 200 మి.లీ., ఒక్కో సిల్ (తలుపుల కింద పొడవునా ఉండే బోలు అంచు) లోకి అర లీటరు, మొత్తం బండికి రెండున్నర లీటర్లు పట్టింది. ఎండలో రేకు వేడెక్కాక కొడితే మడతల్లోకి బాగా పాకుతుంది. వెల్డింగ్ పని మిగిలుంటే అది ముగిసేదాకా ఆగండి, వ్యాక్స్ మండుతుంది. బండి అడుగున పూసే నల్లటి తారు కోటింగ్ మీద నాకు నమ్మకం లేదు. అది పగిలాక సందులోకి దూరిన నీరు బయటికి రాదు, తుప్పు కనిపించదు కూడా.

మార్కులు వేయమంటే ఎపాక్సీకి 5కి 5, వ్యాక్స్‌కు 4.5, కన్వర్టర్‌కు 2.5. వ్యాక్స్‌కు అర మార్కు తగ్గించడానికి కారణం, అది తలుపుల అడుగున, సిల్ కింద ఉన్న నీటి రంధ్రాలను మూసేస్తుంది. కొట్టిన మర్నాడు, తర్వాత ఏటా మే నెలలో, సన్నటి తీగతో ప్రతి రంధ్రాన్నీ పొడిచి తెరవాలి. రెండేళ్లకోసారి సిల్ లోకి, తలుపుల్లోకి పల్చగా ఇంకో కోటు కొట్టాలి.