స్కానర్ బొమ్మా, ఈఈజీ గీతా, మావ మింగిన మాత్రా: దేని సాక్ష్యం మేలు?

మా అత్త ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ముక్కు చీదుకోవడం వినపడతా ఉంది. ఆఖరికి ‘మీ మావ మనిషి మారిపోయినాడు నాయనా. ఈ మాట ఎవురికని చెప్పుకోవాల’ అంది.

మావకి అరవై నాలుగేళ్లు. ఒంగోలు పక్క పల్లె. ముప్పై ఏళ్లు పొగాకు పండించినాడు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాలే రోజుల్లో రాత్రంతా మంట చూసుకుంటా కూర్చునే ఓపిక ఉన్న మనిషి. నాలుగేళ్ల కిందట చెయ్యి వణుకుతోందని చూపిస్తే పార్కిన్సన్స్ అన్నారు. ఇప్పుడు అత్త చెప్పేది వేరు. రాత్రి ఒంటిగంటకి ఫోన్ పట్టుకుని కూర్చుంటాడంట. ముక్కూ మొహం తెలియని వాళ్లతో వీడియో కాల్స్, అడిగినంత డబ్బు పంపడాలు. అత్తని కూడా రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదు. పెద్దకొడుకు మాట్లాడటం మానేశాడు. ఊళ్లో వాళ్లు ‘ముసలితనంలో బుద్ధి గడ్డి తినింది’ అనేశారు.

‘అత్తా, మావ మాత్రల అట్టలన్నీ మంచం మీద పరిచి ఒక ఫోటో తీసి పంపు’ అన్నా. పూల దుప్పటి మీద అయిదు అట్టలు. మూడోదాని మీద ప్రామిపెక్సోల్ అని ఉంది, పార్కిన్సన్స్‌కి ఇచ్చే మందే. డోసు ఎప్పుడు పెంచారంటే సంక్రాంతి ముందర అంది. ఈ గోల ఎప్పుడు మొదలైందంటే, కాసేపు ఆలోచించి ‘శివరాత్రి జాగారం నాటికి ఉండాది’ అంది.

నేను నెల్లూరులో ఫార్మసీ పిల్లలకి మందుల పాఠం చెబుతాను. అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన వెనక మెదడులో ఏం జరుగుతుందన్న పరిశోధనలు కొన్నేళ్లుగా చదువుతున్నా. అందులో ముఖ్యంగా మూడు రకాల సాక్ష్యం ఉంది: స్కానర్ తీసిన బొమ్మలు, తలకి తొడిగి మెదడు విద్యుత్ సంకేతాల్ని పట్టే ఈఈజీ టోపీ గీసే గీతలు, మందు వేసుకున్నాక మారిపోయిన మనుషులు. మూడింట్లో దేన్ని ఎంత నమ్మాలన్నది నాకు పుస్తకాల ప్రశ్నగానే ఉండేది. అత్త ఫోన్‌తో అది ఇంటి ప్రశ్న అయింది. మావ సరేనన్నాకే ఇది రాస్తున్నా.

ఈ అదుపు తప్పిన ప్రవర్తనకి ఒక పేరుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ అని చేర్చారు. కోరికని అదుపు చేసుకోలేకపోవడం ఆరు నెలలో అంతకంటే ఎక్కువో సాగి, ఇల్లూ ఉద్యోగమూ ఆరోగ్యమూ దెబ్బతింటున్నా మనిషి ఆగలేకపోతేనే ఆ పేరు పెట్టాలి. దాన్ని వ్యసనాల వరసలో పెట్టలేదు, ఉద్రేకాన్ని ఆపుకోలేని జబ్బుల వరసలో పెట్టారు. అమెరికా మనోవైద్యులైతే 2013లో వాళ్ల జబ్బుల పుస్తకంలోకి హైపర్ సెక్సువల్ డిజార్డర్‌ని అసలు రానివ్వలేదు. ఇది సారా లాంటి వ్యసనమా, వేరే తరహాదా అన్నదే తగువు. ఆ తగువులో ఎవరి పక్షాన వాళ్లు మెదడుని సాక్షిగా పిలుస్తుంటారు.

ముందు స్కానర్. ఈ పరిశోధనల్లో వాడే ఎఫ్ఎంఆర్ఐ స్కానర్ నేరుగా నరాల పనిని చూడదు. మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా పారుతుంది, ఆ తేడాని పట్టుకుంటుంది. అది కూడా కొన్ని సెకన్లు ఆలస్యంగా. అయినా మెదడు లోతుల్లోకి చూడగలగడం దాని బలం. 2014లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ సమస్య ఉన్న 19 మంది మగవాళ్లనీ లేని 19 మందినీ స్కానర్‌లో పడుకోబెట్టి లైంగిక వీడియోలు చూపించారు. సమస్య ఉన్నవాళ్లలో వెంట్రల్ స్ట్రైటమ్ (కోరికనీ ప్రతిఫలాన్నీ చూసుకునే లోతు భాగం), అమిగ్డలా, డోర్సల్ యాంటీరియర్ సింగ్యులేట్ అనే మూడు చోట్ల స్పందన ఎక్కువగా కనబడింది. మత్తుమందు అలవాటైన వాళ్లకి ఆ మందు తాలూకు గుర్తులు చూపిస్తే మేలుకునేవీ దాదాపు ఈ చోట్లే.

నన్ను కట్టిపడేసింది అది కాదు. వాళ్లకి ‘కావాలి’ అన్న తపన ఎక్కువగా ఉంది గానీ ‘బాగుంది’ అన్న ఇష్టం మిగతావాళ్లకంటే ఎక్కువ లేదు. 2017లో వచ్చిన మరో అధ్యయనం ఇదే సంగతిని ఇంకోవైపు నుంచి చూపింది. చికిత్స కోసం వచ్చిన 28 మందినీ, సమస్య లేని 24 మందినీ పోల్చారు. లైంగిక బొమ్మ రాబోతోందని చెప్పే సంకేతం కనబడగానే మొదటి వాళ్ల వెంట్రల్ స్ట్రైటమ్ ఎగిసింది. బొమ్మ వచ్చాక మాత్రం రెండు గుంపుల మధ్యా తేడా లేదు. అంటే మనిషిని లాగేది వస్తువు కాదు, వస్తుందన్న సూచన. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మావ దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

స్కానర్ బొమ్మకి ఒక పెద్ద లోపం ఉంది. అది రెండు సంగతులు జంటగా ఉన్నాయంటుంది, ఏది ముందో చెప్పదు. 2014లోనే బెర్లిన్‌లో 64 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, వారానికి ఎక్కువ గంటలు బూతు వీడియోలు చూసేవాళ్లకి మెదడు లోతుల్లో కుడివైపు కాడేట్ అనే భాగంలో, నరాల కణాలుండే బూడిదరంగు పదార్థం తక్కువగా ఉందని తేలింది. చూడటం వల్ల తగ్గిందా, తక్కువ ఉన్నవాళ్లే ఎక్కువ చూస్తారా అన్నది దీంతో తేలదని ఆ పరిశోధకులే అన్నారు. ఆ మాట ఎవరికీ చేరలేదు. పోయినేడు మా కాలేజీ పిల్లాడొకడు ల్యాబ్ అయిపోయాక అందరూ వెళ్లేదాకా ఆగి, బ్యూరెట్ కడుగుతున్న నా దగ్గరికొచ్చి, ‘సార్, నా మెదడు కుంచించుకుపోయి ఉంటుందా?’ అని అడిగాడు. వారానికి రెండు మూడుసార్లు చూస్తాడంట. చదువు పోలేదు, నిద్ర పోలేదు, స్నేహితులున్నారు. పోయిందల్లా మనశ్శాంతి. అదీ ఎవరో ఫోన్‌లో ఈ 64 మంది కథని ‘మెదడు ఎండిపోతుంది’ అని చెప్పడం విన్నాక.

ఈఈజీ గురించి పెద్దగా చెప్పేది లేదు. దాని గొప్పంతా వేగం. సెకనులో వెయ్యో వంతు తేడాని కూడా పట్టుకుంటుంది. కానీ పుర్రె పైనుంచి వింటుంది కాబట్టి వెంట్రల్ స్ట్రైటమ్ లాంటి లోతు భాగాల సంగతి దానికి సరిగ్గా అందదు. పక్కింట్లో తగువుని గోడకి చెవి పెట్టి విన్నట్టు: ఎప్పుడు అరిచారో తెలుస్తుంది, ఏ గదిలోనో తెలియదు. 2015లో 122 మంది మీద చేసిన ఈఈజీ అధ్యయనంలో సమస్య ఉందన్నవాళ్లకి లైంగిక బొమ్మలు చూపిస్తే స్పందన పెరగడానికి బదులు తగ్గింది. ఇది వ్యసనం లక్షణం కాదని పరిశోధకులు రాశారు. కాదు, చూసీచూసీ మొద్దుబారడం వల్లే తగ్గింది, అదే వ్యసనం అని అవతలి వాళ్లు రాశారు. ఒకే గీతని ఇద్దరూ తమ సాక్ష్యం అన్నారంటే, ఆ గీత మీద తీర్పు చెప్పలేమనే నా అభిప్రాయం.

ఇక మాత్ర.

మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాల్లో డోపమైన్ ఒకటి. పార్కిన్సన్స్‌లో దాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. ఆ లోటు తీర్చడానికి లెవోడోపా ఇస్తారు, లేదా డోపమైన్‌లా నటించే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటివి ఇస్తారు. అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగుల్ని చూసి 2010లో వెల్లడించిన లెక్క ఇది: జూదం, విపరీతమైన కొనుగోళ్లు, తిండి, లైంగిక ప్రవర్తన, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి అదుపు తప్పినవాళ్లు 13.6 శాతం. లైంగిక ప్రవర్తన ఒక్కటే చూస్తే 3.5 శాతం. డోపమైన్‌లా నటించే మందులు వాడేవాళ్లలో ఈ నాలుగింట్లో ఏదైనా ఉన్నవాళ్లు 17.1 శాతం, వాడని వాళ్లలో 6.9 శాతం.

ఇలా ఎందుకవుతుందో మా పిల్లలకి సాగర్ కాలువతో చెబుతాను. నాగార్జునసాగర్ కుడి కాలువకి ప్రకాశం జిల్లా చివరి ఆయకట్టు. చివరి మడి తడవాలని పైనుంచి నీళ్లు గట్టిగా వదిలితే పైమళ్లు మునుగుతాయి. పార్కిన్సన్స్‌లో మొదట ఎండేది కదలికలు చూసుకునే డోర్సల్ స్ట్రైటమ్ వైపు. కోరికనీ ప్రతిఫలాన్నీ చూసుకునే వెంట్రల్ వైపు చాలాకాలం తడిగానే ఉంటుంది. వణుకు ఆగేంత డోసు ఇస్తే, నిండుగా ఉన్న ఆ వెంట్రల్ మడి పొంగిపోతుంది. పైగా ప్రామిపెక్సోల్‌కి డీ3 అనే గ్రాహకం (కణం మీద డోపమైన్ వచ్చి అతుక్కునే చోటు) మీద మక్కువ ఎక్కువ. డీ3 గ్రాహకాలు దండిగా ఉండేదీ ఆ వెంట్రల్ వైపే.

పైన చెప్పిన శాతాలు ఒక్కటే అయితే, అవీ స్కానర్ లాగే జంటగా కనబడటమే. ఈ సాక్ష్యానికి బలం వేరేచోటు నుంచి వస్తుంది. జీవితంలో ఎన్నడూ ఇలాంటిది ఎరగని మనిషికి మందు మొదలుపెట్టాక, లేదా డోసు పెంచాక వస్తుంది. తగ్గిస్తే చాలామందిలో తగ్గుతుంది. ముందూ వెనకా తెలుస్తున్నాయి. పార్కిన్సన్స్ మెదడు మామూలు మెదడు కాదు గదా అనొచ్చు. నిజమే. అయితే కాళ్లు నిలవనివ్వని రెస్ట్‌లెస్ లెగ్స్ జబ్బుకీ, పిట్యుటరీ గ్రంథి గడ్డలకీ ఇదే జాతి మందులు వాడేవాళ్లలో కూడా ఇలాంటివి బయటపడ్డాయి. మానసిక జబ్బులకి ఇచ్చే అరిపిప్రజోల్ మీద, జూదం, తిండి, కొనుగోళ్లు, సెక్స్ కోరికలు అదుపు తప్పొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరిక వేసింది.

అందుకే కారణం తేల్చాల్సి వస్తే నేను మాత్ర వైపే ఉంటాను. మెదడులో ఏ చోటు అన్న ప్రశ్నకి స్కానరే మేలు. ఈఈజీని మూడో స్థానంలో పెడతాను. కానీ మాత్ర సాక్ష్యాన్ని దాని హద్దు దాటించకూడదు. డోపమైన్ పొంగితే ఇలా అవగలదని అది రుజువు చేస్తుంది. ఇలా అయిన ప్రతి ఒక్కరికీ డోపమైన్ పొంగిందని చెప్పదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒంటరితనం వల్లో, దిగులు వల్లో ఫోన్‌లో పడిపోతే అతని కథ మావ కథ కాదు. స్వీడన్‌లో 137 మంది మగవాళ్లకి గుంపుగా కూర్చోబెట్టి ఇచ్చిన ఆలోచనా ప్రవర్తనా చికిత్స ఉపయోగపడిందని 2019లో వచ్చింది. అలాంటి కుర్రాడికి ముందు దొరకాల్సింది ఆ తరహా సాయం.

ఇంకొకటి ఉంది, దాన్ని ఏ యంత్రమూ చూడదు: సిగ్గు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలోనే, తప్పు చేస్తున్నానన్న నైతిక బాధ ఒక్కటే ఉంటే దాన్ని జబ్బు అనకూడదని రాసి ఉంది. మన బస్టాండ్ల గోడల మీద ‘నరాల బలహీనత’ అని ఎర్రటి అక్షరాల్లో లాడ్జి రూము నంబరు వేసి పిలిచేవాళ్లు బతికేది ఆ బాధ మీదే. నా దగ్గరికొచ్చిన పిల్లాడికి కూడా ఉన్నది అదే. వాడికి స్కాన్ అక్కర్లేదు, అరగంట కూర్చుని మాట్లాడితే చాలు. మాట్లాడే మనిషి దొరకకపోతే మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, పేరు నలుగురిలో పడదు.

మావని నెల్లూరు తీసుకొచ్చి న్యూరాలజిస్టుకి చూపించాం. అత్త నోరు విప్పలేకపోయింది. నేనే ఒక కాగితం మీద రాసి ఇచ్చా. ఆయన చదివి, మొహంలో ఏ మార్పూ లేకుండా, ‘జూదం కూడా ఆడుతున్నారా?’ అని మావని అడిగాడు. లేదన్నాడు. ప్రామిపెక్సోల్‌ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, లెవోడోపా సర్దుతూ చీటీ రాశాడు. ఇంట్లో మీరే ఒక్కసారిగా ఆపొద్దని రెండుసార్లు చెప్పాడు. ఆపితే దిగులు, ఆందోళన, చెమటలు ముంచుకొస్తాయి, వణుకూ బిగుసుకుపోవడమూ ఎక్కువవుతాయి. ఈ ముక్క చదివి ఎవరైనా ఇంట్లో అట్ట తీసి అవతల పారేస్తారేమోనన్న భయం నాకూ ఉంది. దయచేసి ఆ పని చేయకండి. రాసిచ్చిన డాక్టర్నే అడగండి.

రెండు నెలలకి రాత్రి ఫోన్ ఆగింది. వణుకు కొంచెం పెరిగింది, కాఫీ గ్లాసు సగమే పోస్తోంది అత్త. మొన్న నేను వెళ్లినప్పుడు మావ వసారాలో కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పాడు: ‘చూస్తే సంతోషం లేదురా. చూడకపోతే కాలు నిలిచేది కాదు.’

స్కానర్‌లో పడుకున్న ఆ 19 మందీ అదే చెప్పారు మావా అన్నా. ఆయన తలెత్తి ‘వాళ్లూ పొగాకు రైతులేనా?’ అని అడిగాడు.

పెద్దకొడుకు ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. డాక్టరు చీటీ, నేను రాసిచ్చిన కాగితం రెండూ అత్త వాడికి ఫోన్‌లో చదివి వినిపించిందంట. వాడు మధ్యలో ఒకసారి ‘ఆ మాత్ర పేరు మళ్లీ చెప్పు’ అన్నాడంట.