ఆరేళ్లుగా రిజిస్టర్‌హాట్‌కీతో

మందుల హోల్‌సేల్ షాపు ఒకదానికి ఆరేళ్ల కిందట స్టాక్ చూసుకునే చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. సీ షార్ప్ భాషలో, విండోస్ తెరలు తయారుచేసే విన్‌ఫామ్స్‌తో. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, బ్రౌజర్‌లో ఉన్నా, కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని 1 నొక్కితే మొదటి గోడౌన్, 4 నొక్కితే నాలుగో గోడౌన్ స్టాక్ తెర మీదికి రావాలి. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే మౌస్ వెతుక్కునే తీరిక కౌంటర్‌లో ఎవరికుంటుంది? దీనికోసం విండోస్‌లోనే ఉన్న రిజిస్టర్‌హాట్‌కీ ఫంక్షన్ వాడాను. ఏ ప్రోగ్రాంలో ఉన్నా పనిచేసే షార్ట్‌కట్‌ని, అంటే హాట్‌కీని, మన ప్రోగ్రాం పేరు మీద నమోదు చేసేది అదే.

మొదట లో-లెవెల్ కీబోర్డ్ హుక్ పెట్టి చూశాను. అందులో నొక్కే ప్రతి కీ మన కోడ్ మీదుగా వెళ్తుంది. మన కోడ్ ఆలస్యం చేస్తూ ఉంటే, విండోస్ 7 నుంచి ఆ హుక్‌ని చెప్పాపెట్టకుండా తీసేస్తుంది. పైగా బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే మెషీన్‌లో అన్ని కీలూ చూసే ప్రోగ్రాం పెట్టడానికి మనసొప్పలేదు. రిజిస్టర్‌హాట్‌కీ అయితే మనం అడిగిన కాంబినేషన్ నొక్కినప్పుడే కబురు పంపుతుంది. విండోని ముందుకు తెచ్చుకునే అనుమతి కూడా దాంతోపాటే వస్తుంది. హుక్‌తో చేసినప్పుడు నా విండో టాస్క్‌బార్‌లో మెరుస్తూ అక్కడే ఉండిపోయేది.

ఇచ్చిన మూడో రోజే ఫోన్ వచ్చింది. "సార్, రూపాయి గుర్తు పడట్లేదండీ, కొడితే నాలుగో గోడౌన్ వచ్చేస్తోంది." ఇండియా ఇంగ్లిష్ కీబోర్డ్ లేఅవుట్‌లో ₹ కావాలంటే కుడి ఆల్ట్‌తో 4 నొక్కాలి. ఆ కుడి ఆల్ట్‌ని విండోస్ కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టే లెక్కేస్తుంది. నేను అమెరికా లేఅవుట్‌లో టెస్ట్ చేశాను. బిల్లులు రాసేవాళ్ల దగ్గర రూపాయి గుర్తునే లాగేసుకున్నానని చాలా బాధేసింది. ఆ సాయంత్రమే అన్నిటినీ కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్6 నుంచి ఎఫ్9 దాకా మార్చేశాను. ఎఫ్12 జోలికి మాత్రం వెళ్లకండి, అది ప్రోగ్రాంలో తప్పులు వెతికే డీబగ్గర్‌ది.

ఇంకో తప్పు పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. ప్రోగ్రాంని గడియారం పక్కనుండే ట్రేలోకి పంపితే షార్ట్‌కట్లు పనిచేసేవి కావు. అప్పుడు టాస్క్‌బార్‌లో కనిపించాలా వద్దా అని చెప్పే షోఇన్‌టాస్క్‌బార్ మారుస్తున్నాను, దాంతో విండో హ్యాండిల్, అంటే విండోస్ ఆ విండోకి ఇచ్చే గుర్తింపు, కొత్తది తయారవుతోంది. హాట్‌కీ పాత హ్యాండిల్‌తోనే పోతోంది. రిజిస్ట్రేషన్‌ని, హ్యాండిల్ తయారైన ప్రతిసారీ నడిచే ఆన్‌హ్యాండిల్‌క్రియేటెడ్‌లోకి మార్చాక మళ్లీ ఆ గొడవ రాలేదు. కీ నొక్కిపట్టుకుంటే విండో పదేపదే తెరుచుకోవడం నోరిపీట్ ఫ్లాగ్‌తో ఆగింది.

రిజిస్టర్‌హాట్‌కీలో నాకు అన్నిటికన్నా నచ్చింది, కుదరకపోతే కుదరలేదని చెప్పడం. వేరే సాఫ్ట్‌వేర్ ముందే తీసుకున్న కీ అడిగితే ఫాల్స్ వస్తుంది, ఎర్రర్ 1409. ఆ జవాబు చూడకుండా వదిలేసే కోడ్ చాలాచోట్ల చూశాను. వాడేవాళ్లు మాత్రం కీబోర్డ్ పాడైందనుకుంటారు. నా ప్రోగ్రాంలో వెంటనే "ఈ కీ వేరేవాళ్లు వాడుతున్నారు, ఇంకోటి నొక్కండి" అని వస్తుంది. కౌంటర్‌లో ఒక్కొక్కరూ తమ చేతికి వాటంగా ఉన్నది పెట్టుకున్నారు.

విండోస్‌కే రాసేవాళ్లు నిశ్చింతగా వాడొచ్చు. లినక్స్‌లో తెర, కీబోర్డ్ సంగతి చూసుకునే వేలాండ్ దగ్గర ఇలా కీలు పట్టుకోవడం కుదరదు, గ్లోబల్ షార్ట్‌కట్స్ పోర్టల్ అనే మధ్యవర్తిని అడగాలి. లినక్స్ డెస్క్‌టాప్‌లలో, కేడీఈలో అది ప్లాస్మా 5.27తో, గ్నోమ్‌లో 48తో వచ్చింది. షాపువాళ్లు అడుగుతున్నారని లినక్స్ వెర్షన్ ఈమధ్యే మొదలుపెట్టాను.