కాల్పుల ఆటా, ముద్దొచ్చే ఆటా: ఏది మేలు?

కొత్తగా వీడియో గేమ్స్ మొదలుపెట్టేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: కాల్పులు, నరుకుళ్లు ఉన్న ఆట తీసుకోవాలా, ముద్దుగా, హాయిగా ఉండేదా? పోల్చి చూడ్డానికి మంచి జత 2020 మార్చి 20న ఒకేరోజు విడుదలైంది: రాక్షసుల్ని కాల్చే 'డూమ్ ఎటర్నల్', జంతువులతో కలిసి ఒక దీవిలో హాయిగా బతికే 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్'.

డూమ్‌ని తక్కువ చేయలేం. తూలుతున్న రాక్షసుణ్ణి దగ్గరికెళ్లి చంపితే హెల్త్ (ఆటలో మన ప్రాణశక్తి) వస్తుంది, రంపంతో కోస్తే తూటాలు దొరుకుతాయి. అంటే ప్రాణం మీదికొచ్చినప్పుడే ముందుకు దూకాలి. చాలా తెలివైన లెక్క. దృశ్యాలూ అద్భుతమే. కానీ వాటిని చూసే తీరికేది? కదిలే ప్రతిదాన్నీ కాల్చాల్సిందే.

నా వరకు తేల్చేది ఇదే: ఆడుతున్నంతసేపూ ఆట మన చూపును దేనిమీద నిలుపుతోంది? హింస ఉన్న ఆటలతో మనుషులు చెడిపోతారని నేననను. ఆ గంటసేపు మనసు ఎలా ఉందన్నదే నాకు ముఖ్యం.

యానిమల్ క్రాసింగ్‌లో చేపలు పట్టడమే చూడండి. నీళ్లలో నీడ కనిపిస్తుంది, దాని సైజును బట్టి ఏ చేపో ఊహించుకోవాలి. గాలం సరిగ్గా దాని ముందు పడాలి. చేప వచ్చి పొడుస్తుంది, వెనక్కి తగ్గుతుంది, మళ్లీ పొడుస్తుంది. తొందరపడి బటన్ నొక్కారా, పారిపోతుంది. బెండు బుడుంగున మునిగినప్పుడే లాగాలి. టెన్షన్ ఇక్కడా ఉంది! పట్టిన చేపను మ్యూజియానికి ఇస్తే, తర్వాత అక్కడి ట్యాంకులో ఈదుతూ కనిపిస్తుంది. ఆటలో గడియారం మన గడియారంతోపాటే నడుస్తుంది కాబట్టి కొన్ని చేపలు రాత్రిపూటే దొరుకుతాయి. కొన్నాళ్లు వెళ్లకపోతే కలుపు పెరుగుతుంది, ఇరుగుపొరుగు జంతువులు ఇన్నాళ్లూ ఏమైపోయావని అడుగుతాయి. నాటిన పళ్ల మొక్క చెట్టవడానికి రోజులు పడుతుంది. ఆ నిదానం కొందరికి నచ్చదు, నాకు అదే ఇష్టం.

స్నేహితులతో పోటీ కావాలంటే 'స్ప్లటూన్' ఉంది, తుపాకుల్లో తూటాలకు బదులు రంగు సిరా. మరీ కొత్తవాళ్లకు 'కిర్బీ' సులువు.

కత్తి పూర్తిగా వదల్లేనివాళ్లు 'స్టార్‌డ్యూ వ్యాలీ' తీసుకోండి. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని తయారుచేసి, 2016లో విడుదల చేసిన ఆట. గనిలోకి దిగితే పోరాటం, పైకొస్తే పొలం పనులు. రోజుల తరబడి గని వైపు వెళ్లకుండా మొక్కలకు నీళ్లు పోసుకుంటూ కూర్చున్నా ఆట మిమ్మల్ని తొందరపెట్టదు.