డిగ్రీలో సినిమా: తీయడం నేర్పే కోర్సా, చూడడం నేర్పే కోర్సా?

బడి చదువు ముగించిన పిల్లలు, వాళ్లతోపాటు తల్లిదండ్రులు, నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. విశ్వవిద్యాలయంలో సినిమాను డిగ్రీగా చదవాలనుకుంటే ఫిల్మ్ ప్రొడక్షన్ తీసుకోవాలా, ఫిల్మ్ స్టడీస్ తీసుకోవాలా? లేక మరేదైనా చదివి సినిమా సంగతి తర్వాత చూసుకోవాలా? ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబును ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మొదటిది తీయడం నేర్పే కోర్సనీ, రెండోది చరిత్ర, సిద్ధాంతం, విశ్లేషణలతో నడిచేదనీ మీకు తెలిసిందే. చాలా చోట్ల ఒకదానిలో మరొకటి కొంత కలిసే ఉంటుంది కాబట్టి కోర్సు పేరును బట్టి తేల్చుకోవద్దు.

ముందుగా పరికరాల మాట. ఏ కెమెరాలున్నాయి, స్టూడియో ఎంత పెద్దది, ఎడిటింగ్ గదులు ఎన్ని అని పిల్లలు మొదట చూసేది అదే. నేనైతే చివర చూస్తాను. 1919లో మాస్కోలో ప్రపంచంలోనే తొలి ప్రభుత్వ సినిమా పాఠశాల మొదలైనప్పుడు అక్కడ ముడి ఫిల్ముకే కరువు. అక్కడ పాఠాలు చెప్పిన దర్శకుడు లెవ్ కులెషోవ్ తన విద్యార్థుల చేత ఫిల్ము లేకుండానే సినిమాలు ఆడించాడు. షాట్ల వరుసలో రాసుకున్న ఘట్టాలను వాళ్లు వేదిక మీద నటించేవారు. ఉన్న పాత చిత్రాలను కత్తిరించి, వరుస మార్చి అతికించి, అర్థం ఎలా మారిపోతుందో చూసేవారు. పుడోవ్‌కిన్ అంతటి దర్శకుడు ఆ బృందం నుంచే వచ్చాడు. ఇప్పుడు పరిస్థితి పూర్తిగా తిరగబడింది. చేతిలో ఫోను ఉన్న ప్రతివారూ తీయగలరు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఎడిట్ చేయగలరు. కెమెరా కోసమే కోర్సులో చేరితే, పట్టా చేతికొచ్చేసరికి ఆ కెమెరా పాతబడిపోయి ఉంటుంది.

మరి ఇంట్లో దొరకనిది ఏమిటి? మొదలుపెట్టిన చిత్రాన్ని ముగించక తప్పని గడువు ఒకటి. ముగించినదాన్ని తెరమీద వేసి, శ్రద్ధగా చూసినవారి నోట నిక్కచ్చి మాట వినడం రెండోది. నా దృష్టిలో ఏ కోర్సు మేలో తేల్చేది ఈ రెండో సంగతే.

ఒక రెండు నిమిషాల అభ్యాస చిత్రాన్ని ఊహించుకోండి. ఒక అమ్మాయి ఉత్తరం పట్టుకుని మెట్లెక్కి వస్తుంది. తలుపు తట్టబోయి ఆగుతుంది. చివరికి ఉత్తరాన్ని తలుపు కింది సందులోంచి లోపలికి తోసి వెళ్లిపోతుంది. తీసిన విద్యార్థికి మెట్ల షాటంటే ప్రాణం. కెమెరాను ఆమెతోపాటు పైకి కదిలించడానికి పూటంతా కష్టపడ్డాడు. చిత్రం అయిపోయాక అధ్యాపకురాలు తరగతిని అడుగుతుంది: “ఆమె వెనకాడుతోందని మీకు ఎక్కడ తెలిసింది?” మెట్ల దగ్గర అని ఒక్కరూ అనరు. ఎత్తిన చెయ్యి గాలిలో ఆగినప్పుడు అంటారు అందరూ. మెట్ల షాటు తీసేసి మళ్లీ వేస్తారు. చిత్రం ఇరవై సెకన్లు తగ్గుతుంది, చెయ్యి ఆగిన ఆ క్షణానికి బలం వస్తుంది. అప్పుడు వెనక వరుసలోంచి ఎవరో, మెట్లమీద అడుగుల చప్పుడు మాత్రం ఉంచి చూద్దామంటారు. ఉంచి చూస్తే ఇంకా బాగుంటుంది. పుస్తకంలో చదివితే ఇది ఒక వాక్యం. సొంత చిత్రంలో, పదిమంది ఎదుట జరిగితే జన్మంతా గుర్తుంటుంది.

అయితే ఇది ఒకసారి జరిగితే చాలదు. తీయడం, చూపించడం, మాటపడడం, మళ్లీ ఎడిట్ చేయడం: ఇలా చదువు పూర్తయ్యేలోగా ఎన్నిసార్లు జరుగుతుందన్నదే లెక్క. మొదటి ఏడాదిలోనే ప్రతి విద్యార్థి చేత చిన్నచిన్న చిత్రాలు నాలుగైదు ముగింపజేసే ప్రొడక్షన్ కోర్సు దొరికితే, నేను మరో ఆలోచన లేకుండా దానివైపే మొగ్గుతాను. అవి ఎంత చిన్నవైనా పరవాలేదు. వంద అడుగుల పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము చుట్ట, మామూలు వేగంతో నడిపితే, మూడు నిమిషాలు కూడా రాదు. దానితోనే అభ్యాసాలు చేసి ఎన్నో తరాలవారు పని నేర్చుకున్నారు. ఫిల్ము అయిపోతుందన్న భయమే షాటు తీసేముందు ఆలోచించడం నేర్పింది.

చిక్కల్లా ఏమిటంటే, ప్రొడక్షన్ అని పేరున్న కోర్సులన్నీ అలా నడవవు. కొన్నిచోట్ల మొదటి ఏడాదంతా బృందంగానే పని. ఆరుగురిలో దర్శకత్వం ఒక్కరికే దక్కుతుంది. ఆఖరి ఏడాది చిత్రాలకు అధ్యాపకులు కొన్ని కథలనే ఎంచుకుంటారు. ముప్పై మంది తరగతిలో ఐదుగురు దర్శకులైతే మిగతావాళ్లు మైకు పట్టుకుంటారు, లైట్లు మోస్తారు, షాటుకూ షాటుకూ పొంతన తప్పకుండా వివరాలు (కంటిన్యూటీ) రాస్తారు. ఆ పనులు చిన్నవని నేననను. శబ్దం మీదో, ఛాయాగ్రహణం మీదో మనసున్నవారికి అంతకంటే మంచి బడి లేదు. కానీ సొంత కథ చెప్పాలని చేరిన పిల్లవాడు, సొంత చిత్రం ఒక్కటీ లేకుండా బయటికి రావడం అన్యాయం. దీన్ని చేరకముందే కనిపెట్టవచ్చు. నిరుడు పట్టా పుచ్చుకున్నవారి చిత్రాలు చూడనివ్వమని అడగండి. బహుమతి వచ్చిన ఒక్కటి కాదు, అన్నీ. చివర పడే పేర్లలో ఎంతమంది దర్శకులున్నారో, తరగతిలో ఎంతమంది ఉన్నారో పోల్చండి. చూపించడానికి సందేహిస్తే, ఆ సందేహమే జవాబు అనుకోండి.

ఇక ఫిల్మ్ స్టడీస్. దీన్ని తీయడం చేతకానివారి చదువని తీసిపారేసేవాళ్లంటే నాకు కోపం. ఒక పది నిమిషాల ఘట్టాన్ని తీసుకుని ప్రతి షాటు నిడివి, కెమెరా దూరం, ఎవరి చూపు ఎటు, శబ్దం దృశ్యంకంటే ముందు మొదలైందా తర్వాతా అని కాగితం మీద రాయించే అభ్యాసం ఒకటుంది. ఒకసారి చేసినవారు సినిమాను మళ్లీ పాతకళ్లతో చూడలేరు. పాత చిత్రాలను భద్రపరిచి ప్రదర్శించే సినిమాటెక్ పారిస్‌లో 1936లో మొదలైంది. అక్కడ రాత్రులు గడిపిన ఫ్రెంచ్ దర్శకులు ట్రూఫో, గొడార్, రివెట్ ముందు చూశారు, రాశారు. పేరు తెచ్చిన చిత్రాలు ఆ తర్వాత వచ్చాయి. వాళ్లు విశ్వవిద్యాలయంలో నేర్చింది కాదనుకోండి, చూసిన ప్రతిదాని గురించీ తమలో తాము ఎడతెగకుండా వాదించుకున్నారు. చర్చలు అంత వేడిగా సాగే తరగతి దొరికితే, ఏడాదికి ఒక్క చిత్రం కూడా ముగించనివ్వని ప్రొడక్షన్ కోర్సు కంటే ఫిల్మ్ స్టడీస్ వెయ్యి రెట్లు మేలు. విమర్శ, పాత చిత్రాల పరిరక్షణ, చిత్రోత్సవాలకు సినిమాల ఎంపిక, బోధన వంటి వాటిమీద ఆసక్తి ఉన్నవారు అసలు సందేహించనక్కర్లేదు. లోటు ఒక్కటే. మెట్ల షాటు తీసేయాలని వ్యాసంలో రాయడం తేలిక, మనం కష్టపడి తీసింది మనమే తీసేయడం వేరు. ఆ నొప్పి ఈ కోర్సులో తగలదు.

మూడో దారి, వేరే విషయం చదవడం. సత్యజిత్ రాయ్ అర్థశాస్త్రం చదివి, తర్వాత శాంతినికేతన్‌లో చిత్రకళ నేర్చుకున్నాడు. జపాన్ దర్శకుడు కురొసావా చిత్రకారుడు కావాలనుకుని, 1936లో సహాయ దర్శకుడిగా స్టూడియోలో చేరాడు. పోలండ్ దర్శకుడు వైదా క్రాకో నగరంలో చిత్రలేఖనం చదివాకే వుడ్జ్ నగరంలోని సినిమా పాఠశాలకు వెళ్లాడు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌తో సహా ఎన్నో చోట్ల ముఖ్యమైన సినిమా కోర్సులకు ఏ డిగ్రీ అయినా చాలు కాబట్టి ఈ దారిలో తలుపులేవీ మూసుకుపోవు. చరిత్రో, భౌతికశాస్త్రమో నిజంగా ఇష్టమైతే హాయిగా చదవండి. భద్రత కోసం ఇష్టంలేని డిగ్రీ చదువుతూ సినిమాను సెలవు రోజులకు నెట్టేస్తే మాత్రం రెండూ చెడతాయి.

సినిమాతో మరో సబ్జెక్టు కలిపిన డిగ్రీల్లో సమయం చాలక రెండూ అరకొరగానే మిగులుతాయి. ఆన్‌లైన్ కోర్సులు సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి బాగానే ఉంటాయి.

తల్లిదండ్రులు అడిగే ఉద్యోగం సంగతి. చిత్రీకరణలో పనిచ్చేవారు మీరు తీసింది చూస్తారు, మీతో పనిచేసినవారిని అడుగుతారు; పట్టా అడిగేవారు అరుదు. అది పై చదువులకు, బోధనకు పనికొస్తుంది. చేరేముందు ఫీజుతోపాటు ఆఖరి చిత్రం ఖర్చు ఎవరు భరిస్తారో కూడా తెలుసుకోండి. కొన్ని విశ్వవిద్యాలయాలు కొంత ఇస్తాయి, కొన్ని మొత్తం విద్యార్థి మీదే వదిలేస్తాయి. అలాగే తీసిన చిత్రం మీద హక్కులు ఎవరివో రాతపూర్వకంగా అడగండి. హక్కులు విశ్వవిద్యాలయం దగ్గరే ఉండిపోతే, సొంత చిత్రాన్ని ఒక ఉత్సవానికి పంపాలన్నా అనుమతి పత్రం కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.