కరెంటు పోయొచ్చాక పలికే డబ్బా ఏది? నాలుగేళ్ల వాడకం తర్వాత

శ్రీకాకుళంలో ఒక ఫంక్షన్ హాలుకి ప్రొజెక్టర్లు, సౌండు, కెమెరాల పని నేనే చూస్తాను. విజయనగరంలో ఒక కాలేజీ సెమినార్ హాలు కూడా నా చేతి కిందే ఉంది. రెండు చోట్లా కలిపి ఏడు సీరియల్ అడాప్టర్లు నడుస్తున్నాయి. ఒకవైపు నెట్‌వర్క్ కేబులు, ఇంకోవైపు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉండే చిన్న డబ్బా అది, కంప్యూటరు పంపే కమాండ్లని యంత్రానికి అందిస్తుంది. అందులో మూడు రకాలు మార్చాను కాబట్టి ఈ నాలుగు మాటలు.

ప్రొజెక్టరుకే లాన్ (నెట్‌వర్క్) పోర్టు ఉంటుంది కదా, ఇదెందుకు అని అడుగుతారు. మా పాత ప్రొజెక్టర్లకి లేదు. ఏ తెర మీద ఏ బొమ్మ రావాలో మార్చే మాట్రిక్స్ స్విచ్చరుకైతే సీరియల్ ఒక్కటే దారి. కంట్రోల్ రూము బాల్కనీ వెనక ఉంది, అక్కణ్ణుంచి స్టేజి దాకా కేబులు లాగితే 40 మీటర్లు దాటుతుంది. ఆర్‌ఎస్-232 ని, అంటే ఈ సీరియల్ లైనుని, 15 మీటర్లు దాటించి నమ్ముకోలేం. నెట్‌వర్క్ కేబులు 100 మీటర్ల దాకా హాయిగా వెళ్తుంది. అందుకే డబ్బాని యంత్రం పక్కనే పెట్టి, దూరమంతా నెట్‌వర్క్ మీద నడిపించాను.

మొదట కొన్నది ఆన్‌లైన్‌లో దొరికిన చవక రకం. పేరు చెప్పను, అలాంటివి పది పేర్లతో దొరుకుతాయి. ఆర్నెల్లు ఏ పేచీ లేదు. తర్వాత ఒక పెళ్లి రాత్రి, ముహూర్తానికి కాస్త ముందు కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు కంట్రోల్ రూములో కంప్యూటరు ఆగిపోయింది. దాని యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఎన్నాళ్లయిందో. స్టేజి దగ్గర మాట్రిక్సు, అడాప్టరు మాత్రం మంచి యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి కన్ను కూడా ఆర్పలేదు. కంప్యూటరు మళ్లీ లేచింది కానీ, మాట్రిక్సుకి ఒక్క కమాండూ వెళ్లడం లేదు. మండపంలో జీలకర్ర బెల్లం పెడుతున్నారు. భోజనాల హాల్లో తెర మీదేమో పెళ్లికొడుకు చిన్నప్పటి ఫొటోలే తిరుగుతున్నాయి, అందులో ఒకటి చొక్కా లాగూ ఏమీ లేనిది.

"ఏటి బావూ, అక్కడ పెళ్లవతంటే నువ్విక్కడ బారసాల సూపిస్తన్నావు?" అన్నాడు పెళ్లికూతురి మేనమామ. ఆ టెన్షన్‌లో మెట్లు దిగి, జనం మధ్యలోంచి దూరి, మాట్రిక్సు ముందున్న బటన్ నొక్కి కెమెరా వేశాను. తాళి దక్కింది, జీలకర్ర బెల్లం దక్కలేదు.

మర్నాడు కూర్చుంటే సంగతి తెలిసింది. ఈ డబ్బాలు చాలావరకు ఒకసారి ఒక్కరితోనే మాట్లాడతాయి. కంప్యూటరు మామూలుగా ఆగితే "ఇక వెళ్తున్నా" అని చెప్పి కనెక్షన్ మూస్తుంది. కరెంటు పోయి చచ్చిపోతే చెప్పేవాడెవడు? డబ్బా మాత్రం పాతవాడు ఇంకా లైనులోనే ఉన్నాడనుకుని, లేచొచ్చిన అదే కంప్యూటరుని గుమ్మంలోనే ఆపేసింది. తమాషా ఏమిటంటే, డబ్బాకి యూపీఎస్ లేకపోయుంటే అదీ ఆగి లేచేది, ఏ గొడవా ఉండేది కాదు. నేను చేసిన మంచిపనే నా మెడకి చుట్టుకుంది.

అప్పట్నుంచి అడాప్టరు చూసేటప్పుడు నా మొదటి ప్రశ్న ఒక్కటే: చచ్చిన కనెక్షన్ని ఎంతసేపట్లో వదులుతుంది? స్టేజికి మోక్సా కంపెనీ అడాప్టరు ఎన్‌పోర్ట్ 5110ఎ తెచ్చాను. చవకదానికి నాలుగైదింతల ధర అయింది. అందులో టీసీపీ అలైవ్ చెక్ అని ఒక సెట్టింగు ఉంటుంది. అవతల మనిషి ఉన్నాడా లేడా అని తనే తట్టి చూసుకుంటుంది. వచ్చేటప్పుడు 7 నిమిషాలకి పెట్టి ఉంటుంది, నేను 1 నిమిషానికి దించాను. పెళ్లిలో 7 నిమిషాలంటే మాటలా. ఒకేసారి ఒకరికన్నా ఎక్కువమందిని రానిచ్చే వీలు కూడా ఉంది కానీ, ఇద్దరు కమాండ్లు పంపితే జవాబు ఎవరిదో తేలక ప్రోగ్రాం తికమక పడుతుంది. నేను ఒక్కరికే ఉంచాను. కొన్ని చవక రకాల్లో కొత్తవాడొస్తే పాతవాణ్ణి దించేసే ఎంపిక ఉంటుంది, అదున్నా చాలు. నా మొదటి డబ్బాలో ఈ రెండూ లేవు.

5110ఎ కి 12 నుంచి 48 వోల్టుల డీసీ ఏదైనా సరిపోతుంది. కరెంటు పిన్నుని మర తిప్పి బిగించుకోవచ్చు. డీజే బాక్సుల అదురుకి మామూలు గుండ్రటి పిన్ను నెమ్మదిగా ఊడొస్తుంది, రెండుసార్లు చూశాను. వచ్చేటప్పుడు దీని ఐపీ (నెట్‌వర్క్ అడ్రసు) 192.168.127.254, డేటా పోర్టు నంబరు 4001. మొదటిసారి లాప్‌టాప్ ఐపీని అదే వరసలోకి మార్చుకోకపోతే డబ్బా చచ్చిందనుకుంటారు.

విజయనగరం సెమినార్ హాల్లో గ్లోబల్ కేషే వాళ్ల ఐటాచ్ ఐపీ2ఎస్‌ఎల్ వాడుతున్నాను, నెట్‌వర్క్ కేబులులోంచే కరెంటు తీసుకునే రకం. సీలింగులో ప్రొజెక్టరు పక్కన వేరే ప్లగ్గు పెట్టే పని తప్పింది. సీరియల్ మాటలకి పోర్టు నంబరు 4999. పెట్టి మూడేళ్లయింది, నిచ్చెన ఎక్కించలేదు.

ఏ డబ్బా కొన్నా మొదటిరోజు ఏడిపించేది కేబులే. ఎప్సన్ ప్రొజెక్టరు వెనక పోర్టూ, అడాప్టరు పోర్టూ రెండూ మగవే, అంటే పిన్నులు పొడుచుకొచ్చినవి. 2, 3 పిన్నులు అటూ ఇటూ మార్చిన క్రాస్ కేబులు కావాలి. మా మాట్రిక్సుకి తిన్నని కేబులు చాలు. అనుమానమొస్తే మల్టీమీటరు తీయండి. నల్ల వైరు 5వ పిన్ను మీద పెట్టి, ఎర్రది 2 మీదా 3 మీదా తాకించండి. మైనస్ వోల్టులు చూపించేది పంపే పిన్ను. రెండు యంత్రాల్లోనూ అదే నంబరు పిన్ను మైనస్ చూపిస్తే క్రాస్ వేయాలి. ఉప్పుగాలికి ఈ పోర్టుల స్క్రూలు ఏడాదిలో తుప్పెక్కుతాయి, కొంచెం నూనె రాయండి.

ప్రోగ్రాం మీరే రాసుకునేవాళ్లకి ఒక మాట. సెకనుకి 9600 బిట్ల వేగంలో ఒక్కో అక్షరం రావడానికి మిల్లీసెకను పైనే పడుతుంది. అందుకని జవాబు ఒక్క ముక్కలో రాదు, సగం ఇప్పుడూ సగం తర్వాతా వస్తుంది. ఎప్సన్ ప్రతి జవాబు చివరా రెండు చుక్కల గుర్తు (:) పంపుతుంది, అది కనబడేదాకా చదువుతూ ఉండాలి. ఇది తెలియక నేను రెండు వారాలు డబ్బాని తిట్టాను. పాపం, దాని తప్పేమీ లేదు.

ఈ డబ్బాల్ని అతిథుల వైఫై ఉన్న నెట్‌వర్క్‌లో కలపొద్దు. ఐపీ, పోర్టు తెలిసిన కుర్రాడెవడైనా ఫోనులోంచే ప్రొజెక్టరు ఆపేయగలడు. నేను వీటికి వేరే నెట్‌వర్క్ స్విచ్చు పెట్టాను.

కొత్తది కొన్నవాళ్లు వెనక్కిచ్చే గడువు దాటకముందే ఒకటి చేసి చూడండి. కంట్రోల్ ప్రోగ్రాం నడుస్తుండగా కంప్యూటరు కరెంటు వైరు పీకేయండి. అడాప్టరుని మాత్రం ముట్టుకోవద్దు. కంప్యూటరు మళ్లీ వేసి, కమాండు ఎంతసేపటికి వెళ్తుందో గడియారం పెట్టి చూడండి. మోక్సాకి నిమిషం పైన కొద్దిగా పట్టింది. నా పాత చవక డబ్బాకైతే, ఏడు రోడ్ల జంక్షన్ దాకా వెళ్లి టీ తాగొచ్చి చూసినా కనెక్షన్ అలాగే పట్టుకుని కూర్చుంది.