నాలుగేళ్లుగా ఓబీఎస్ స్టూడియోతో డేటాబేస్ సెషన్లు

బెంగళూరు మారతహళ్లిలో మేముండేది రెండో అంతస్తు. కిటికీ తీస్తే అవుటర్ రింగ్ రోడ్డు హారన్లు, మూస్తే పక్క సైటులో డ్రిల్లింగు మోత. ఈ ఇంటి వెనక గదిలోంచే నాలుగేళ్లుగా ఆన్‌లైన్ కాన్ఫరెన్సుల్లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అడ్మినిస్ట్రేషన్ మీద సెషన్లు ఇస్తున్నాను. అన్నిటికీ వాడింది ఓబీఎస్ స్టూడియోనే, అంటే తెరనీ కెమెరానీ కలిపి రికార్డు చేసే, ప్రసారం చేసే సాఫ్ట్‌వేరు. డబ్బు కట్టక్కర్లేదు, ఓపెన్ సోర్సు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడిటి మీదా నడుస్తుంది. గేమింగ్ వీడియోలు చేసే కుర్రాళ్ల సరుకనుకుని మొదట్లో నేను దాని జోలికి పోలేదు.

పోయాక చేసిన మొదటి పొరపాటు వర్చువల్ కెమెరా, అంటే ఓబీఎస్‌లో కూర్చిన తెరని మీటింగుకి కెమెరాలా చూపించే సదుపాయం. 2020లో వచ్చిన 26వ వెర్షన్ నుంచి ఇది ఓబీఎస్‌లోనే ఉంది. మూలన నా మొహం, మిగతా తెరంతా టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) పెట్టి, మొత్తం కలిపి కెమెరా బొమ్మగా మీటింగులోకి పంపాను. నా తెర మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చూసేవాళ్లకి మాత్రం అలికేసినట్టు కనబడ్డాయట. చాట్ నిండా "ఫాంట్ పెంచండి సార్". 18 నుంచి 24 చేశాను, 24 నుంచి 30 చేశాను, లాభం లేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. మీటింగ్ సాఫ్ట్‌వేరు కెమెరా బొమ్మని కదలిక తెగకుండా చూసుకుంటుంది, దానికోసం స్పష్టతని వదిలేస్తుంది. స్క్రీన్ షేర్ దగ్గర ఉల్టా: ఫ్రేములు తగ్గినా అక్షరం చెడనివ్వదు. అప్పట్నుంచీ ప్రివ్యూ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రొజెక్టర్‌ని విడి విండోలో తెరిచి, ఆ విండోనే షేర్ చేస్తున్నాను. ఫాంట్ మళ్లీ 20కి దిగింది.

ఓబీఎస్ అసలు విలువ తెలిసొచ్చింది ఆటోవాక్యూమ్ సెషన్‌లో. పోస్ట్‌గ్రెస్‌లో ఏ రికార్డు అప్‌డేట్ చేసినా పాత కాపీ (డెడ్ టపుల్) టేబుల్‌లోనే పడి ఉంటుంది. ఆ చెత్త ఊడ్చేది ఆటోవాక్యూమ్. డిఫాల్టు సెట్టింగుల్లో టేబుల్‌లో 20 శాతం, పైన ఓ 50 రికార్డులు పాడైతే గానీ అది చీపురు పట్టదు. అంటే కోటి రికార్డులుంటే 20 లక్షల దాకా చూస్తూ ఊరుకుంటుంది. ఇది చూపిద్దామని పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీబెంచ్ అనే పరీక్ష సాధనంలో స్కేల్ 100 పెట్టి కోటి రికార్డులు తయారుచేసి, అందరి ముందూ 30 లక్షలు అప్‌డేట్ చేశాను. "ఇప్పుడు డెడ్ టపుల్స్ ఎన్నున్నాయో చూద్దాం" అనేముందు ఎంవీసీసీ (ఇలా పాత కాపీలు ఉంచే పద్ధతి) గురించి రెండు మూడు నిమిషాలు ఉపన్యాసం దంచాను. క్వెరీ కొడితే సున్నా! నిమిషానికోసారి నిద్ర లేచే ఆటోవాక్యూమ్ నేను మాట్లాడుతుండగానే వచ్చి, ఇల్లు ఊడ్చి ముగ్గు కూడా పెట్టి వెళ్లిపోయింది. అంత బాగా పనిచేసినందుకు దాన్ని తిట్టుకున్న డీబీఏని (డేటాబేస్ అడ్మిన్‌ని) నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఆ టేబుల్ వరకు ఆటోవాక్యూమ్ ఆపేస్తే సరిపోయేది, నిజమే. కానీ ఆ రోజు నుంచి డెమోలన్నీ ముందే ఓబీఎస్‌లో రికార్డు చేసుకుంటున్నాను. సెషన్‌లో ఆ క్లిప్పుని మీడియా సోర్సుగా నడుపుతూ మాటలు మాత్రం అప్పటికప్పుడు చెబుతాను. హాట్‌కీతో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుతాను. మా ఆఫీసులో ఓ సీనియర్ "సెషన్ ఇస్తున్నావా, సినిమా వేస్తున్నావా?" అన్నాడు. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌లో, అంటే ట్రాన్సాక్షన్ తెరిచి ముగించకుండా, వదిలేసిన ఒక్క డేటాబేస్ కనెక్షన్ మొత్తం వాక్యూమ్‌ని ఎలా కట్టిపడేస్తుందో చూపించాలంటే చాలాసేపు వేచి ఉండాలి. ఆ ఎదురుచూపుని కోసేయడంలో నాకు తప్పేమీ కనబడదు. ఇది రికార్డింగని ముందే చెప్పేస్తాను. ప్రశ్నలొచ్చినప్పుడు మాత్రం అసలు టెర్మినల్ తెరుస్తాను.

రికార్డింగులో రెండు సంగతులు చూసుకోండి. ఫైలు ఎంకేవీ ఫార్మాట్‌లో పెట్టుకోండి. నాది డెస్క్‌టాప్, ఓ సారి మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా తీసిందంతా దక్కింది. మామూలు ఎంపీ4 అయితే అసలు తెరుచుకోదు. రెండోది మా పనికే ప్రత్యేకం. వీడియో ఎన్‌కోడింగు, పీజీబెంచ్ రెండూ ఒకే సీపీయూ మీద పడితే మీరు చూపించే టీపీఎస్ (సెకనుకి ఎన్ని ట్రాన్సాక్షన్లు) అంకె అబద్ధమవుతుంది. నాకది చాలా ఆలస్యంగా వెలిగింది. ఇప్పుడు ఎన్‌కోడింగ్ గ్రాఫిక్స్ కార్డుకి అప్పజెప్పి, డేటాబేస్‌ని వేరే మిషన్ మీద నడుపుతున్నాను.

ఇక విసుగు పుట్టించింది ఆడియో. వర్చువల్ కెమెరా బొమ్మనే తీసుకెళ్తుంది, గొంతుని కాదు. ఓబీఎస్‌లో ఆర్ఎన్‌నాయిస్ అనే రొద తగ్గించే ఫిల్టరుంది. రికార్డింగుల్లో పక్కసైటు డ్రిల్లుని భలే మింగేస్తుంది. లైవ్‌లో మైకు నేరుగా మీటింగుకే పోతుంది కాబట్టి ఆ ఫిల్టరు అక్కరకు రాదు. మధ్యలో వర్చువల్ ఆడియో కేబుల్ లాంటిదేదో తగిలించాలి. ఓ ఆదివారమంతా దాంతో కుస్తీ పట్టి, నా గొంతు నాకే రెండుసార్లు వినబడుతుంటే వదిలేశాను. కొత్తవాళ్లకి సీన్లు, సోర్సులు, ట్రాకులు ఒంటబట్టడానికి ఓ వారాంతం పోతుంది. ఏడాదికి ఒక్క సెషన్ ఇచ్చేవాళ్లకి మామూలు స్క్రీన్ షేరే హాయి. స్టార్లు వేయమంటే నాలుగు వేస్తాను, ఐదోది ఆడియో మింగేసింది.

ఓబీఎస్ తప్పు లేకుండా నేను బోల్తా పడ్డది టైము దగ్గర. న్యూయార్కులో ఉదయం తొమ్మిదిన్నర అంటే మనకి సాయంత్రం 7 అని అలవాటుపడ్డాను. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం గంట వెనక్కి జరుగుతుంది, అది 8 అవుతుంది. తలదువ్వుకుని, లైటు వేసుకుని గంట ముందే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఖాళీగా ఎందుకని డేటాబేస్ లాక్‌ల డెమో ఒకటి మొదలుపెట్టి రికార్డు చేసుకుంటుంటే, హిందూపురం నుంచి వచ్చిన మా అమ్మ తలుపు సందులోంచి తొంగి చూసి "ఒక్కడివే ఎవురితో మాట్లాడతాండావు నాయనా?" అంది. ఆ మాట వచ్చిన చోట కోసేసి, ఆ క్లిప్పునే ఇప్పటికీ వాడుతున్నాను.