నార్మల్ నుంచి షికాగోకి: కారా, రైలా?

ఇల్లినాయ్‌లో బ్లూమింగ్టన్-నార్మల్ జంట ఊళ్లు. ఇక్కడ ఉండే తెలుగువాళ్లకి షికాగో ప్రయాణం తరచూ పడుతుంది. దూరం సుమారు 130 మైళ్లు.

సమయం: ఐ-55 హైవే మీద కారులో రెండు గంటల పైచిలుకు. రైలు కూడా దాదాపు అంతే. 2023 నుంచి ఈ లైన్‌లో రైళ్లు గంటకి 110 మైళ్ల దాకా వేగంతో నడుస్తున్నాయి. ఊరి దగ్గర ఖాళీ అయినా షికాగోలో ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పలేం. రైలూ ఒక్కోసారి ఆలస్యమవుతుంది.

ఖర్చు: ఒక్కరే వెళ్తే, ముందుగా కొంటే రైలు టికెట్టే నయం. కారు ఉండదు కాబట్టి డౌన్‌టౌన్‌లో పార్కింగ్ ఖర్చు ఉండదు. నలుగురైతే కారు చవక.

శ్రమ: జనవరిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. రోడ్డుకి రెండు వైపులా కోసేసిన మొక్కజొన్న చేలు, అడ్డేమీ లేని గాలి. పొడి మంచు పాముల్లా రోడ్డు మీద పాకుతుంటే గీతలు కనపడవు. స్టీరింగ్ పట్టుకున్న చేతులు బిగుసుకుపోతాయి. అలాంటి రోజు నేనైతే రైలే ఎక్కుతాను.

కానీ అమ్మానాన్న షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్ట్‌లో దిగుతుంటే కారే. సుదీర్ఘ ప్రయాణం చేసి వచ్చినవాళ్లని పెట్టెలతో బ్లూ లైన్ మెట్రో ఎక్కించి, మన రైలు ఆగే యూనియన్ స్టేషన్ దాకా నడిపించలేం. అరోరా బాలాజీ గుడికీ కారే కావాలి, ఈ రైలు అటు వెళ్లదు. డౌన్‌టౌన్‌లో వీసా పనో ఇంటర్వ్యూనో ఉండి ఒంటరిగా వెళ్తే మాత్రం రైలు.